బంగళాకు చేరని ఊరు

సెలవు రోజు సాయంత్రం విశాఖ బీచ్ రోడ్డులో జనం బారులు తీరేది కురుసుర ముందు. 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకున్న ఆ జలాంతర్గామిని మరుసటి ఏడాది ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. 2017లో దానికి తోడుగా టీయూ-142 విమానం వచ్చింది. 1971 యుద్ధ విజయానికి కట్టిన స్మారకం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది. ఇవన్నీ రాకముందు నుంచీ ఇదే రోడ్డులో ఒక పాత బంగళా సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంది. నగరపాలక సంస్థ దాన్ని బాగు చేయించి మ్యూజియంగా మార్చింది. 1991 అక్టోబరు 8న అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రారంభించారు. యుద్ధ యంత్రాల కోసం వచ్చినవాళ్లలో కొందరు దారిలో ఉంది కదా అని ఇక్కడా ఆగుతారు.

ఆగినవాళ్లు తప్పకుండా చూడాల్సినది ఇక్కడొకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న ర్యుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అప్పటికి విశాఖ రేవు తెరిచి తొమ్మిదేళ్లయినా కాలేదు. సింధియా కంపెనీ షిప్‌యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసి ఏడాది కూడా నిండలేదు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి 1946లో గానీ తిరిగి రాలేదు. ఆనాటి బాంబు ఒకటి ఈ బంగళాలో ఉంది. మిగతా వస్తువులకు లేని ప్రత్యేకత దానికొకటి ఉందనిపిస్తుంది: దాన్ని ఎవరూ విరాళంగా ఇవ్వలేదు, ఆకాశం నుంచి పడింది.

ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. మన ఊళ్లలో మ్యూజియం పుట్టే తీరు ఒకటుంది. భవనం దొరుకుతుంది. ప్రారంభోత్సవానికి తేదీ ఖాయమవుతుంది. ఆ తర్వాత వస్తువుల కోసం పెద్ద ఇళ్ల తలుపు తడతారు. విశాఖ మ్యూజియంలో ఏమున్నాయి? పాత ఆయుధాలు, నాణేలు, పింగాణీ సామాను, పట్టుబట్టలు, నగలు, తైలవర్ణ చిత్రాలు, కాగితాలు, పటాలు, గడ్డి కూరి నిలబెట్టిన జంతువులు. కళింగాంధ్ర వారసత్వం అన్న మాట కింద ఇవన్నీ సర్దుకున్నాయి. ఇవి విలువలేనివని ఎవరూ అనరు. కానీ కత్తులూ తైలవర్ణ చిత్రాలూ పులి చర్మాలూ ఎవరి ఇళ్లలో ఉంటాయి? జమీందారీ ఇళ్లలో, దొరల బంగళాల్లో ఉంటాయి. ఇవ్వడానికి ఉన్నవాళ్లు ఇచ్చారు, మ్యూజియం పుచ్చుకుంది. దాంతో ఇచ్చినవాళ్ల చరిత్ర ఊరి చరిత్ర అయి కూర్చుంది. ఇది విశాఖ ఒక్కదానికే పట్టిన తెగులు కాదు. తెలుగు నేల మీద జిల్లా మ్యూజియాలు చాలావరకు ఇలాగే ఒకవైపు శిల్పాలతోనూ, మరోవైపు సంస్థానాల సామానుతోనూ నిండి ఉంటాయి. సముద్రం మీద బతికిన ఊళ్లో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వస్తువుల సంగతి తర్వాత చూద్దాం. ముందు భవనం. ఇది డచ్ బంగళా అనీ, కనీసం 150 ఏళ్ల నాటిదనీ చెబుతూ వస్తున్నారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే చిన్న చిక్కుంది. డచ్చివాళ్లు 17వ శతాబ్దం తొలి ఏళ్లలో మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత భీమునిపట్నంలో స్థిరపడ్డారు. అక్కడ వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1824లో లండన్‌లో జరిగిన ఒప్పందంతో హిందూదేశంలోని తమ స్థావరాలన్నిటినీ ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నారు. 1825లో భీమిలి చేతులు మారింది. మ్యూజియం తెరిచిన 1991 నుంచి 150 ఏళ్లు వెనక్కి లెక్కపెడితే 1841 వస్తుంది. అప్పటికి ఈ తీరంలో డచ్ జెండా దిగిపోయి పదహారేళ్లు. మరి బంగళా అంతకంటే పాతదా? డచ్ కొలువు పోయినా ఇక్కడే ఉండిపోయిన ఏ కుటుంబమో కట్టించుకుందా? లేక ఆ పద్ధతిలో ఇంగ్లీషువాడో మనవాడో కట్టిస్తే పేరు అలా నిలిచిపోయిందా? ఇటుక కొలత, సున్నం గచ్చు, దూలాల కలప, పాత సర్వే పటాలు, కలెక్టరేట్‌లోని భూమి దస్తావేజులు కలిపి చూస్తే జవాబు దొరకకపోదు. చరిత్ర విభాగంలో పరిశోధన చేసే విద్యార్థి ఒకరికి అప్పగిస్తే చక్కని సిద్ధాంత గ్రంథం అవుతుంది. మ్యూజియానికి మొదటి ప్రదర్శన వస్తువు తన గోడలే. ఆ గోడల పుట్టుక తేల్చి గుమ్మం దగ్గర రాసిపెట్టే మ్యూజియం, లోపలి వస్తువుల మీద కూడా నమ్మకం కలిగిస్తుంది.

గోడలతో సాక్ష్యం చెప్పించడం ఎలాగో లండన్‌లో చూడొచ్చు. థేమ్స్ నది ఒడ్డున వెస్టిండియా రేవుల్లో 1802లో కట్టిన గిడ్డంగి ఒకటి ఉంది. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన చక్కెర, రమ్ము, కాఫీ అందులో దించేవారు. రేవులు మూతపడ్డాక ఆ గిడ్డంగిని మ్యూజియంగా మార్చి 2003లో తెరిచారు. మొదట్లో అది ఓడల కథ, వర్తకం కథ, కూలీల కథ చెప్పింది. 2007లో, బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ నిషేధించి 200 ఏళ్లయిన సందర్భంలో, చక్కెరకూ బానిసత్వానికీ ఉన్న లంకెను చూపే గ్యాలరీ పెట్టారు. మీరు నిలబడ్డ ఈ నేల మీదే బానిసలు పండించిన చక్కెర బస్తాలు దించారని గిడ్డంగి చేతనే చెప్పించారు. అయినా ఆ మ్యూజియం ముందు రాబర్ట్ మిల్లిగన్ విగ్రహం నిలబడే ఉండేది. ఆ రేవులు కట్టించినవాళ్లలో ముఖ్యుడు, బానిసల యజమాని. 2020 జూన్‌లో ఆ విగ్రహాన్ని తీసేశారు. లోపల నిజం చెబుతూ గుమ్మం ముందు పాత దొరకు దండ వేసి ఉంచిన పదమూడేళ్ల కాలం ఆ మ్యూజియం చరిత్రలోనూ ఒక భాగమే. మంచి మ్యూజియాలు కూడా ఒక్క దెబ్బతో నిజాయితీపరులు కావని తెలుసుకోవడానికి ఈ ఉదాహరణ పనికొస్తుంది.

మనకు రక్తసంబంధం ఉన్న ఉదాహరణ ఇంకొకటి మారిషస్‌లో ఉంది. పోర్ట్ లూయీ రేవులో 1849లో మొదలైన వలస కూలీల డిపోను ఒకప్పుడు కూలీ ఘాట్ అనేవారు. ఇప్పుడది ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ రాజుల కత్తులు లేవు. మెట్లు, వంటిల్లు, కూలీలను ఉంచిన కొట్టాల పునాదులు ఉన్నాయి. పాత కట్టడాల్లో కొద్ది భాగమే మిగిలింది, ఆ స్థలంలోంచే పెద్ద రోడ్డు వేసేశారు. అయినా మిగిలిన రాళ్లతోనే లక్షల మంది కథ చెబుతున్నారు. ఆ లక్షల్లో మన తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కోరంగీలనే పిలిచారు. వాళ్లు దిగిన మెట్లకు ప్రపంచ గుర్తింపు వచ్చింది. వాళ్లు ఎక్కిన రేవులు మన వైపు ఉన్నాయి.

కాబట్టి విశాఖ బంగళా ఏ కథ చెప్పాలన్న ప్రశ్నకు సామగ్రి కరువు అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. ఈ ఊరికి ఉన్నంత కథ చాలా రాజధానులకు లేదు.

ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో ఇక్కడ కొట్టు తెరిచింది. 1780 అక్టోబరులో, హైదరలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే, ఇక్కడి సిపాయీలు మేం ఎక్కమన్నారు. సుబేదారు షేక్ మహమ్మద్ నాయకత్వంలో తిరగబడ్డారు, కంపెనీ అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1857కు 77 ఏళ్ల ముందు మాట ఇది. మన పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కిన చోటు ఎంతో పిల్లలను అడిగితే తెలుస్తుంది. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు యుద్ధనౌకలతో వచ్చి విశాఖ ఎదుట లంగరేసిన ఇంగ్లీషు నౌక సెంచూరియన్‌తో తలపడ్డాడు. ఒక వర్తక నౌకను పట్టుకుపోయాడు. ఈ బంగళా వరండా నుంచి కనిపించే నీళ్లూ ఆ నీళ్లూ ఒకటే. అయినా బీచ్ రోడ్డులో సముద్ర యుద్ధం అంటే 1971తోనే మొదలైనట్టు ఉంటుంది.

యుద్ధాలను పక్కనపెట్టి పనివాళ్ల వైపు చూస్తే కథ ఇంకా చిక్కనవుతుంది. 18వ శతాబ్దంలో విశాఖ వడ్రంగులు నల్లచేవ, ఇరుగుడు చెక్కల్లో దంతం పొదిగి బీరువాలు, కుర్చీలు, రాతబల్లలు, పెట్టెలు చేసేవారు. మొదట అంచుల్లో తీగలూ పూలూ పొదిగేవారు. తర్వాత తర్వాత చెక్క మీద పూర్తిగా దంతపు రేకు తొడిగి, దాని మీద గీతలు చెక్కి లక్క నింపేవారు. ఇంగ్లీషు దొరలు చెప్పిన నమూనాకు మన చేతులు పనిచేశాయి. 19వ శతాబ్దానికి గంధపు చెక్క, గేదె కొమ్ము, ముళ్లపంది ముల్లుతో చేసే పెట్టెల దాకా ఆ పని సాగింది. విజాగపటం అన్న పేరుతోనే ఆ సామాను ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది, వేలంపాటల్లో పెద్ద ధర పలుకుతుంది. చేసినవాళ్లలో చాలామంది పేర్లు ఏ పెట్టె మీదా కనపడవు. అసలు వస్తువు తెప్పించడం కష్టమే అనుకుందాం. మంచి ఫొటోలు, పని పద్ధతిని చూపే నమూనాలు, ఏ కాలంలో ఏ చెక్క వాడారో చెప్పే నాలుగు పలకలు పెట్టడానికి ఏ వేలంపాటకూ వెళ్లక్కర్లేదు.

గోడె వెంకట జగ్గారావు ఈ ఊరి జమీందారే. 1840లో సొంత ఖర్చుతో ఇక్కడ ఖగోళ పరిశోధనశాల పెట్టాడు. యారాడ కొండ మీద, అంటే డాల్ఫిన్స్ నోస్ మీద, టైము తెలిపే జెండా స్తంభం ఏర్పాటు చేశాడు. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని పరిశీలించాడు. జమీందారు ఇంటి నుంచి తెచ్చుకోవాల్సింది ఇలాంటి కథ. కత్తి ప్రతి కోటలోనూ దొరుకుతుంది. దుర్భిణి పెట్టుకుని ఊరికి టైము చెప్పిన జమీందారు ఎన్ని ఊళ్లకు దొరికాడు?

1933కు ముందు విశాఖకు ఓడ రేవు లేదు. ఓడలు దూరంగా నీళ్లలో ఆగేవి. సరుకూ మనుషులూ ఒడ్డుకు చేరాలంటే మసూలా పడవలే గతి. ఆ పడవకు మేకులుండవు, పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ విరిగితే కుట్టుపడవ వంగి తట్టుకునేది. దాన్ని కట్టడమూ నడపడమూ తీరంలోని వాడబలిజలు, జాలర్ల చేతిలో ఉన్న విద్య. రేవు కట్టడానికి కెరటాల జోరు ఆపాల్సి వస్తే, కాలం చెల్లిన రెండు ఓడలను ముంచి అడ్డుకట్టగా వాడారు. 1933 అక్టోబరులో సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలి రేవులోకి వచ్చింది. 1948 మార్చి 14న ఇక్కడ కట్టిన జలఉషను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. ఈ రెండు తేదీలకూ శిలాఫలకాలు, ఫొటోలు ఉండనే ఉన్నాయి. రేవు తెరిచిన పొద్దున్నే పనిపోయిన మసూలా పడవవాళ్లు ఏమయ్యారో చెప్పే ఫలకం ఎక్కడుంది?

ఇక రంగం. ఉత్తరాంధ్రలో పాతతరం ఆడవాళ్లు రంగూన్‌ను అలాగే అంటారు. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్ల డెక్కు మీద కూర్చుని, మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, వరికోతలకూ మిల్లులకూ రేవు మోతలకూ వెళ్లినవాళ్లు ఎందరో. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలను దించాయి. సమ్మె తీరాక వాళ్లను వెళ్లగొట్టాయి. ఆ గొడవ అల్లర్లుగా మారి వందమందికి పైగా ప్రాణాలు తీసింది, చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాక లక్షల మంది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన దేశానికి తిరిగొచ్చారు. దారిలో పోయినవాళ్ల లెక్క లేదు. నాలుగు నెలలకే ఆ బాంబులు విశాఖ మీదికీ వచ్చాయి. 1960ల్లో బర్మా సైనిక ప్రభుత్వం వెళ్లగొట్టినప్పుడు మరో విడత వచ్చారు. కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. మ్యూజియంలోని జపాన్ బాంబును బర్మా క్యాంపుకు కలిపే గీత ఒకటి గోడ మీద గీస్తే చాలు, ఈ ఊరు ఆసియా పటంలో ఎక్కడుందో బడిపిల్లవాడికి అర్థమవుతుంది. ఆ బాంబు పక్కన బర్మా నడక కథ లేకపోతే అది ఉత్త ఇనుప ముక్క.

స్వాతంత్ర్యం తర్వాతి కథకు ఆధారాలు ఇంకా మనుషుల నోళ్లలోనే ఉన్నాయి. 1966లో ఉక్కు కర్మాగారం కోసం అమృతరావు నిరాహారదీక్ష, నవంబరు 1న విశాఖలో కాల్పులు, ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా పోయిన 32 ప్రాణాలు తెలుగువాళ్లందరికీ తెలిసినవే. ఆ కర్మాగారానికి భూములిచ్చిన గ్రామాలు 64 అని నిర్వాసితులు చెబుతారు. వాళ్లకిచ్చిన ఆర్ కార్డు అనే కాగితం ముక్కను ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున ఇప్పటికీ దాచుకున్నారు. ఉద్యోగం వస్తుందని ఎదురుచూసి తండ్రి పోతే కొడుకు చేతికి వచ్చిన కార్డు అది. నా లెక్కన ఆ కార్డుకు అద్దాల పెట్టెలో ఏ జమీందారు కరవాలానికీ తీసిపోని చోటుండాలి. 1997 సెప్టెంబరులో రిఫైనరీ పేలుడు, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం మీద కమ్మిన స్టైరీన్ గ్యాసు కూడా ఈ ఊరి చరిత్రే. వీటిని పెడితే పర్యాటకులు బెదిరిపోతారని అధికారులు సందేహిస్తారేమో. జలాంతర్గామిలోకి టికెట్టు కొని వెళ్లే జనం అంత సున్నిత మనస్కులేమీ కారు.

ఈ కథల్లో చాలావాటికి వస్తువులు లేవు. పేదవాడు వస్తువును అరిగేదాకా వాడతాడు, ఆ తర్వాత పొయ్యిలో పెడతాడు. తెప్ప చివికిపోతుంది, అలివి వల కుళ్లిపోతుంది. ఒడ్డు మీది కొండలను గుర్తులుగా పెట్టుకుని సముద్రంలో ఫలానా చోటని చెప్పే విద్య, జీపీఎస్ వచ్చాక ముసలివాళ్ల దగ్గరే మిగిలింది. అందుకే ఇవ్వడానికి ఎవరైనా వస్తారని మ్యూజియం తలుపు తెరుచుకుని కూర్చుంటే సరిపోదు. తానే పెద్ద జాలరిపేటకు, కంచరపాలేనికి, గంగవరానికి, పాత పోస్టాఫీసు వీధులకు వెళ్లాలి. మాట రికార్డు చేసుకోవాలి, కాగితాలను అక్కడే స్కాన్ చేసి తిరిగి ఇచ్చేయాలి. కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, దాని బొమ్మ మాకివ్వండి అంటే కాదనేవాళ్లు తక్కువ. పుచ్చుకునే మ్యూజియం వెతుక్కునే మ్యూజియంగా మారడమంటే ఇదే. దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక క్యూరేటరూ, ఊళ్లో మాట తెలిసిన నలుగురు కుర్రాళ్లూ, రెండేళ్ల ఓపికా కావాలి.

సముద్రం ఒడ్డున మ్యూజియం పెట్టడంలో సముద్రం కూడా ఒక చిక్కే. ఉప్పు గాలి ఇనుముకు శత్రువు. తేమ ఎక్కువైతే కత్తి మీద చేరిన ఉప్పు నెమ్మదిగా లోపలికి తొలుచుకుపోతుంది, పైన పాలిష్ చేసినా తుప్పు ఆగదు. పట్టుబట్టలకూ తాళపత్రాలకూ వెలుతురు 50 లక్సులు మించకూడదన్నది మ్యూజియం వాళ్లు పాటించే లెక్క. కిటికీ తెరిస్తే బంగాళాఖాతం మిట్టమధ్యాహ్నం ఇచ్చే వెలుగు దానికి ఎన్నో రెట్లు. గోడలది మరో బాధ. పాత ఇటుక, సున్నం గోడ తేమను పీల్చి తిరిగి వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దాని మీద సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు గడ్డకట్టి, పూతను తోసుకుని, పెచ్చులూడదీస్తుంది. మన ప్రభుత్వ శాఖలు పాత కట్టడాలకు చేసే హాని సగం ఈ ఒక్క సిమెంటు బస్తాతోనే జరుగుతుంది. టెండరు పత్రంలో సున్నం అన్న ఒక్క మాట చేర్చడానికి ఇంజనీర్లు ఎందుకు జంకుతారో తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదే తీరం దాటింది. అలాంటి తుపాను మళ్లీ వస్తే ఏ వస్తువు ముందు తీయాలి, ఎక్కడికి చేర్చాలి అన్న జాబితా ప్రతి తీర మ్యూజియంలోనూ గోడకు అంటించి ఉండాలి. అసలు బంగళాకు ఎదురుగా ఉన్న ఇసుక కూడా ప్రదర్శన వస్తువే. 1970ల్లో బయటి రేవుకు రాళ్ల గోడలు కట్టాక, దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుక అక్కడే ఆగిపోయింది. బీచ్ కోతకు గురైంది. రేవు నుంచి తవ్విన ఇసుకను పంపులతో తెచ్చి ఒడ్డున పోయాల్సి వస్తోంది. కిటికీ పక్కన ఒక పటం పెట్టి ఈ సంగతి చెబితే, సెల్ఫీ దిగి వెళ్లేవాళ్లు కాళ్ల కింద ఇసుక వైపు ఒకసారి చూస్తారు.

ఇదంతా నగరపాలక సంస్థ వల్ల అవుతుందా అన్నది న్యాయమైన సందేహమే. చెత్త ఎత్తించే కార్యాలయమే చరిత్ర కూడా చెప్పాలంటే ఎలా? మునిసిపల్ సర్వీసులో క్యూరేటర్ అన్నది మామూలుగా వినిపించే పోస్టు కాదు. కానీ ముంబయి నగరపాలక సంస్థకూ ఇదే ఇబ్బంది ఉండేది. 1872లో విక్టోరియా పేరుతో తెరిచిన పాత మ్యూజియం 1975లో భావూ దాజీ లాడ్ పేరు పెట్టుకుంది గానీ, శిథిలమవుతూనే వచ్చింది. 2003లో నగరపాలక సంస్థ, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్, జమ్నాలాల్ బజాజ్ ఫౌండేషన్ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. ఆస్తి మునిసిపాలిటీదే, నడిపే బాధ్యత ప్రత్యేక ట్రస్టుది, మరమ్మతు తెలిసినవాళ్లది. 2005లోనే యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది, 2008లో మళ్లీ తెరిచారు. విశాఖలో ఇంటాక్ శాఖ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, రేవు ఉంది, నౌకాదళం ఉంది, పెద్ద కంపెనీలు ఉన్నాయి. ఒప్పందం రాసుకోవడానికి కావాల్సిన చేతులన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక మాత్రం ముందే చెప్పాలి. డబ్బిచ్చే కంపెనీకి గోడ మీద ఏం రాయాలో చెప్పే హక్కు ఇవ్వకూడదు. రిఫైనరీ సొమ్ముతో నడిచే గ్యాలరీలో 1997 ఉండదు. ఉక్కు కర్మాగారం సొమ్ముతో నడిచే గదిలో ఆర్ కార్డు ఉండదు. ట్రస్టు నిబంధనల్లో ఈ మాట మొదటి పేజీలోనే రాసుకోవాలి. అలాగే ఆధునికీకరణ పేరుతో లేజర్ షోలూ, త్రీడీ బొమ్మలూ తెచ్చి పెట్టి, ఊరిని మళ్లీ బయటే నిలబెట్టే ప్రమాదం కూడా ఉంది. స్మార్ట్ సిటీ అన్న మాట వినపడగానే మనవాళ్లకు తెర మీద కదిలే బొమ్మ గుర్తొస్తుంది. కదిలే బొమ్మ పాడైతే బాగు చేసే మనిషి దొరకడు. వాడబలిజ తాత మాట రికార్డు చేసి పెడితే అది ముప్పై ఏళ్ల తర్వాత కూడా వినపడుతుంది.

వాల్తేరు మెట్ట మీది తోట బంగళాలు ఒక్కొక్కటీ అపార్టుమెంట్లుగా మారిపోయాయి. పాత పట్నంలోని పెంకుటిళ్ల సంగతీ అంతే. ఊరి చేతిలో, సముద్రం ఎదుట, ప్రజల ఆస్తిగా మిగిలిన పాత ఇల్లు ఇదొకటి. దాన్ని ఊరికి అప్పగించే పని 1991లో సగమే జరిగింది. మిగతా సగానికి మొదటి మెట్టుగా నగరపాలక సంస్థ ఒక క్యూరేటర్‌ను నియమించి, బంగళా పుట్టుపూర్వోత్తరాలు తేల్చే పని విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. అంతవరకు చదువరులు చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో రేవు కూలీ టోకెన్, షిప్‌యార్డు గుర్తింపు కార్డు, రంగం నుంచి వచ్చిన ఉత్తరం, స్టీమరు టికెట్టు, ఆర్ కార్డు, తాత ముత్తాతల పడవ ముందు తీసిన ఫొటో ఏది ఉన్నా పాత సామాను వాడికి వేయకండి. వెనకవైపు ఎవరిదో, ఏ ఊరిదో, ఏ ఏడాదిదో పెన్సిల్‌తో రాసి పెట్టండి.